ఏ సముద్రం నుంచి?

జుబేదా వంటపాక మధ్యలోంచి ఎర్రరంగు గీత పోయింది. ఒక పక్క తడికలోంచి లోపలికొచ్చి, పొయ్యిని ఒరుసుకుంటూ, రొట్టెలు కాల్చే మట్టి అచ్చులు పేర్చుకునే బల్ల కిందుగా సాగి, రెండో పక్క తడికలోంచి అవతలికి వెళ్ళిపోయింది. గీసింది సాంస్కృతిక శాఖ మనుషులు. గీయించింది జుబేదా సొంత తమ్ముడు తాలిబ్. ఈ సంగతి తఫారి వాడంతా పాకిన రెండు గంటలకి గానీ తాలిబ్ చెవిన పడలేదు. తనని తిట్టుకుంటున్న సంగతి మనిషికి అందరికన్నా ఆఖర్న తెలుస్తుంది.

అతను కిరాయి మోటారుసైకిలు నడుపుతాడు. పొద్దున్నే ఓడ దిగినవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించుకు దింపి, పదింటికి అక్క పాకకి వచ్చి, వేడి సాగో పిండి రొట్టెని కాఫీలో ముంచుకు తినడం అతనికి ముప్పయ్యేళ్ళ అలవాటు. ఆ రోజూ అలాగే వచ్చాడు. పొయ్యి చల్లగా ఉంది. అచ్చులు కాలడం లేదు. జుబేదా గీతకి ఇవతల పీటమీద కూర్చుని ఉంది.

"రండి రాజావారూ, రండి. కోట తమదేనటగా. లేచి సలాం చెయ్యమంటారా?" అంది.

"ఏంటక్కా ఇది? ఎవరు గీశారు?"

"నువ్వే."

"నేనా? పొద్దుట్నించీ రేవు దగ్గర చస్తుంటే!"

"చేత్తో కాదురా, నోటితో. నీ నోరు ఎంత పొడుగో ఇదిగో, ఈ గీత అంత పొడుగు. గురువారం వచ్చి రాళ్ళు పాతుతారట. పాతిన నెలకి పాక తీసెయ్యాలట. నేను కాయితం చూపించమన్నాను. చూపించారు. కింద నీ సంతకం ఉంది. అయిదో తరగతిలో పలక పగలగొట్టి పారిపోయినోడివి, సంతకం మాత్రం ఎంత గుండ్రంగా పెట్టావురా!"

తాలిబ్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

నెల కిందట రేవులో ఒక కుర్రాడు అతని బండెక్కాడు. పేరు విబిసోనో. జావానుంచి బదిలీ మీద వచ్చిన సాంస్కృతిక శాఖ ఉద్యోగి. మెడలో ఆఫీసు బిళ్ళ, భుజాన సంచీ. దారిలో మాటల మధ్య తఫారిలో పాత కోట ఉండేదట కదా, గోడ ఎక్కడుందో ఎవరికీ తెలియదట కదా అన్నాడు. తాలిబ్ బండి ఆపేశాడు. ఎవరికీ తెలియకపోవడమేమిటి? ఆ గోడ కథ ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నది అతనే. గోడ పైకి కనపడదు, పునాది మట్టిలో ఉంది. అలల అంచు నుంచి కొండవైపుగా నూట ఇరవై అంగలు. తాత నాన్నకి చెప్పాడు, నాన్న తనకి చెప్పాడు. తమ ఇంటి మగవాళ్ళకి వేరే ఆస్తి లేదు, ఈ లెక్క ఒక్కటే ఉంది.

తెర్నాతే దీవిలో ఏదైనా అలాగే చెబుతారు. ఊరంటే నడుమ ఒక నిప్పుకొండ, దాని చుట్టూ ఒక రోడ్డు, రోడ్డు చుట్టూ సముద్రం. ఇక్కడ తూర్పూ పడమరా ఎవడికి కావాలి? ఇల్లు మసీదుకి సముద్రం వైపు. బావి ఇంటికి కొండ వైపు. కంచంలో చేపముక్క కూడా అన్నానికి సముద్రం వైపే.

విబిసోనో అంతా రాసుకున్నాడు. "మీలాంటి వాళ్ళే అసలైన పుస్తకాలు తాలిబ్ గారూ," అన్నాడు. పుట్టి యాభై ఒక్క ఏళ్ళయింది. మెడలో బిళ్ళ ఉన్నవాడు ఎవడూ తాలిబ్‌ని గారూ అనలేదు. చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. చూపించని చోట కూడా ఒకటి పెట్టాడు.

"అక్కా, నాన్న చెప్పిందే చెప్పాను," అన్నాడు ఇప్పుడు.

"నాన్న నా పొయ్యిమీద గీత గియ్యమన్నాడా?"

"నీ పాక మీదికి వస్తుందని నాకేం తెలుసు?"

"మరి నీ ఇంటిమీదికి రాదని మాత్రం బాగా తెలుసు."

తాలిబ్ ఇల్లు పాక వెనకాలే, కొండవైపుగా యాభై అంగల దూరంలో ఉంది. భార్య పోయాక అందులో ఒక్కడే ఉంటున్నాడు. గీత దాని దరిదాపులకి కూడా పోలేదు. జుబేదా లేచి రొట్టెల బుట్ట తీసి లోపల పెట్టేసింది. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి అతను ఖాళీ కడుపుతో ఆ పాకలోంచి బయటికొచ్చాడు.

తిన్నగా సముద్రం దగ్గరికి పోయాడు. గట్టు రాళ్ళమీద, అల వచ్చి కాలు తడిపే చోట నిలబడి, కొండవైపు తిరిగి, అంగలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. కొత్త రోడ్డు దాటాడు. లారీవాడు హారన్ కొట్టి తిట్టాడు. అరవై రెండు, అరవై మూడు. నూట పదిహేడో అంగకి అక్క పాక గుమ్మం. నూట ఇరవైకి పొయ్యి. జుబేదా అట్లకాడ పట్టుకుని నిలబడి ఉంది.

"సరిగ్గానే ఉందా?" అంది. "పోనీ పొయ్యిమీద కూడా ఎక్కి తొక్కు."

వెనక్కి పోయి మళ్ళీ కొలిచాడు. ఈసారి అంగలు చిన్నవి వేశాడు. నాన్న పొట్టివాడు. అయినా పాక దాటలేదు. మూడోసారి గట్టు మీదికి పోయేసరికి పక్కన పడవకి తారు పూస్తున్న హలీల్ ముసలాయన తల ఎత్తాడు. ఎనభై దాటాయి. వినికిడి తగ్గింది గానీ వెటకారం తగ్గలేదు.

"ఏంట్రా తాలిబ్, సముద్రానికి చొక్కా కుట్టిస్తున్నావా, అన్నిసార్లు కొలతలు తీస్తున్నావు?"

"నాన్న లెక్క మామా. కోట గోడ లెక్క. అలల నుంచి నూట ఇరవై అంగలు."

"ఏ సముద్రం నుంచి?"

"ఏ సముద్రమేంటి మామా? ఎన్ని సముద్రాలున్నాయి? ఇదే."

"ఇదా?" హలీల్ తారు బ్రష్షుతో నీళ్ళకేసి చూపించాడు. "ఇది నిన్నగాక మొన్నటిది. పన్నెండేళ్ళ కిందట ఈ రోడ్డు కోసం మట్టి పోసి దీన్ని ఇక్కడికి నెట్టారు. మీ నాన్న పోయి ఎన్నేళ్ళయింది?"

"ఇరవై రెండు."

"మరి ఆయన ఈ సముద్రాన్ని ఎప్పుడు చూశాడురా?"

రోడ్డు వేసినప్పుడు మట్టి లారీలకి దారి చూపించింది తాలిబే. సముద్రం వెనక్కి పోతుంటే నిలబడి చూసిందీ తనే. అయినా పన్నెండేళ్ళుగా పాసింజర్లకి కథ చెప్పినప్పుడల్లా చెయ్యి ఈ గట్టుకేసే చూపించాడు. అలల అంచు అంటే కంటికి కనిపించే అంచే కదా. సముద్రం ఎక్కడుంటే లెక్క అక్కడ మొదలు. ఇంకోలా ఆలోచించడం ఆ వాడలో ఎవరికీ రాదు. విబిసోనోకీ అలాగే చూపించాడు.

"రోడ్డుకి కొండవైపు అంచు చూడు, అది మీ నాన్న పోయేనాటి సముద్రం. అంతకుముందు చేపల మార్కెట్ కట్టినప్పుడు ఒకసారి నెట్టారు. ఆ చింతచెట్టు మొదలు చూడు, అదీ అంతకుముందు సముద్రం. నేను దానికి పడవ కట్టేవాణ్ణి," అన్నాడు హలీల్. "ఏ సముద్రం దగ్గర నిలబడి చెప్పాడో మీ నాన్ననే అడుగు."

"నాన్న చచ్చిపోయాడు మామా."

"అదే అంటున్నా."

తాలిబ్ రోడ్డు అవతలి అంచుకి వెళ్ళి అక్కణ్ణించి నూట ఇరవై వేశాడు. అక్క పాక పక్కనుంచి పోయి, తన ఇంటి ముందుగది దాటి, వెనకగదిలో భార్య కుట్టుమిషను ముందు ఆగాడు. తరవాత చింతచెట్టు మొదలు నుంచి వేశాడు. పాక దాటింది, ఇల్లు దాటింది, సందు దాటింది, వాడ శ్మశానంలోకి పోయి నాన్న సమాధికి రెండు సమాధుల ఇవతల ఆగాడు. ఒక్క గోడ, మూడు చోట్ల. ఏ చోటూ అబద్ధం కాదు. ఏ చోటూ నిజమని చెప్పడానికి లేదు.

మర్నాడు ఆఫీసుకి పోయి విబిసోనో ముందు కూర్చుని ఇదంతా చెప్పాడు. కుర్రాడు ఓపిగ్గా విన్నాడు.

"అంటే మీరిచ్చిన వాంగ్మూలం తప్పంటారా?"

"తప్పు కాదు బాబూ. నాన్న మాట తప్పు కాదు. సముద్రం తప్పు."

"నేను పైకి పంపే కాయితంలో సముద్రం తప్పని రాయలేను కదండీ. ఒక అంకె ఉండాలి. పోనీ ఇప్పటి గట్టు నుంచి నూట ఎనభై రాయమంటారా, రెండొందల ఇరవయ్యా?"

"తవ్వి చూస్తే పోలే?"

"తవ్వకాలు వచ్చే ఏడు. ఈ ఏడు హద్దురాళ్ళు మాత్రమే."

"ఎక్కడుందో తెలీకుండా రాళ్ళెలా పాతుతారు?"

"మీరు చెప్పారు కదా తాలిబ్ గారూ," అన్నాడు విబిసోనో, నిజంగానే బాధపడుతూ. "సాక్షి చెప్పింది మార్చాలంటే చేతిలో ఆధారం ఉండాలి. బుధవారం సాయంత్రం లోపల తేగలిగితే నేను చూసుకుంటాను. గురువారం పొద్దున్న మేయరు గారి మనుషులొస్తారు. అప్పుడు నా చేతుల్లో ఉండదు."

ఆఫీసు గోడమీద ఊరి పటం వేలాడుతోంది. అందులో తఫారి ఉంది, రోడ్డుంది, కొండ ఉంది. నీలం రంగు మొదలయ్యే గీత ఒక్కటే ఉంది.

సాయంత్రం పాక గుమ్మంలో నిలబడి అక్కకి చెప్పాడు. ఆవిడ అచ్చులు తోముకుంటూ వింది.

"నాన్న ఈ మాట చెప్పినప్పుడు నీకెన్నేళ్ళు?" అంది.

"ఏడో తొమ్మిదో."

"ఏడా? తొమ్మిదా?"

"గుర్తులేదక్కా."

"నువ్వు ఎనిమిదిలో ఉండగా మార్కెట్‌కి మట్టి పోశారు. ఏడైతే గోడ శ్మశానంలో. తొమ్మిదైతే నీ ఇంట్లో. కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకో. నాన్న చెయ్యి ఎటు చూపించాడు? పక్కన చింతచెట్టుందా?"

తాలిబ్ నిజంగానే కళ్ళు మూసుకున్నాడు. నాన్న చెయ్యి కనిపించింది. వేలికి లవంగాల జిడ్డు కనిపించింది. ఆ వేలి చివర ఏముందో మాత్రం కనపడలేదు. అక్కడ చింతచెట్టు పెడితే చెట్టే కనిపిస్తోంది, రోడ్డు పెడితే రోడ్డే కనిపిస్తోంది. ముప్పయ్యేళ్ళు పాసింజర్లకి చెప్పి చెప్పి ఆ జ్ఞాపకం చేతులు మారిన బనీనులా ఎవరి కొలతకి కావాలంటే వాళ్ళ కొలతకి సాగుతోంది.

"తెలీదక్కా."

"తెలీదు! నా పాక అన్నప్పుడు వేలిముద్ర వేసినంత గట్టిగా తెలుసు. నీ ఇల్లు అనేసరికి తెలీదు!"

"నా ఇల్లు తప్పించుకోవాలని చెప్పాననుకుంటున్నావా?"

"అనుకోవడమేంట్రా. వాడంతా అంటున్నారు."

తాలిబ్‌కి ఒళ్ళు మండిపోయింది. చదువు లేనివాడన్నారు, సరే. వాగుడుకాయ అన్నారు, అదీ సరే. కానీ సొంత అక్క పొయ్యి ఆర్పి తన చూరు కాపాడుకున్నాడనడం, అదీ అక్కే అనడం! "సరే," అన్నాడు. "నా వెనకగది తవ్వుతా. గోడ అక్కడుంటే నేనే వాడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిస్తా. నీ గీత చెరిపించి నా ఇంట్లో గీయిస్తా. చాలా?"

"నువ్వా? నీ మొహం! మేకు కొట్టమంటే వేలు కొట్టుకుంటావు."

బుధవారం పొద్దున్న తాలిబ్ కుట్టుమిషను ఈడ్చి పక్కన పెట్టి, గడ్డపార తీసుకుని గచ్చు పగలగొట్టాడు. ఆ గచ్చు పెళ్ళైన ఏడు భార్యా తనూ కలిసి వేసుకున్నది. మొదటి పెళ్ళ లేచినప్పుడు చెయ్యి ఆగింది. తరవాత ఆగలేదు. చప్పుడుకి చుట్టుపక్కలవాళ్ళు కిటికీ దగ్గర చేరారు. ఒకడు బంగారమా అన్నాడు. ఒకడు మతి పోయిందన్నాడు. ఇద్దరూ కాసేపుండి పోయారు.

గచ్చు కింద కంకర. కంకర కింద నల్లటి కొండ ఇసుక. మోకాలి లోతు, తొడ లోతు. పదకొండయ్యేసరికి నడుము లోతు గుంటలో నిలబడి ఉన్నాడు. ప్రతి పారకీ రాయి తగులుతుందని భయం. తగలకపోతే ఇంకో భయం. తనకి ఏది కావాలో తనకే తెలియడం లేదు. గోడ దొరికితే అక్క పాక దక్కుతుంది, తన ఇల్లు పోతుంది. దొరక్కపోతే ఇల్లు దక్కుతుంది, అక్క చచ్చేదాకా మొహం చూడదు. మట్టి ఎత్తిపోస్తున్నాడు గానీ దేనికోసం ఎత్తిపోస్తున్నాడో అయిదు నిమిషాలకోసారి మారిపోతోంది.

గడ్డపార దేనికో తగిలింది. ఖంగుమనలేదు, మెత్తగా దిగబడింది. చేతులతో తడి ఇసుక తోడాడు. రాయి కాదు, కర్ర. తొడంత లావు గుంజ, నిలువుగా దిగేసి ఉంది. ఊపి ఊపి లాగితే పైభాగం మూరెడు విరిగి చేతిలోకొచ్చింది. తేనెపట్టులా నిండా బొక్కలు. ఒక్కో బొక్క చిటికెనవేలు పట్టేంత. బొక్కల్లోపల సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

గోడ కాదు. మరేమిటి? గుంటలోనే కూర్చుని దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పారేయబోయి ఆగాడు. జుబేదా మొగుడు బతికున్నన్నాళ్ళు పడవలు కట్టేవాడు. కర్ర సంగతి ఈ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే ఆవిడకే తెలియాలి. ఒళ్ళంతా బురదతో పోయి ఆ ముక్క పాక బల్లమీద పెట్టాడు.

"ఏంట్రా ఇది? నా రొట్టెల బల్లమీద!" అని తియ్యబోయి ఆవిడ ఆగిపోయింది. బొక్కలో వేలు పెట్టింది. తెల్లటి పొరని గోటితో గీకింది. "ఎక్కడిది?"

"వెనకగదిలో. నడుము లోతులో. నిలువుగా పాతి ఉంది."

"అబద్ధాలాడకు."

"వచ్చి చూడు. కింద ఇంకా ఉంది."

"ఇది సముద్రపు పురుగు తిన్న కర్ర," అంది జుబేదా. "మా ఆయన వారానికోసారి పడవ ఒడ్డెక్కించి అడుగు కాల్చేవాడు, దేనికనుకున్నావు? ఈ పురుగు కోసమే. ఇది నేలమీద కర్ర ముట్టదు. మంచినీళ్ళలో బతకదు. ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి నిలబడిన కర్రకే ఈ గతి పడుతుంది."

హలీల్‌ని పిలిచారు. ఆయన గుంట అంచున గొంతుక్కూర్చుని, ముక్క వాసన చూసి, తల ఊపాడు.

"పడవలు కట్టే గుంజరా. ఇక్కడ అలలుండేవి."

"నువ్వు చూశావా మామా?"

"నేనెక్కడ చూశాను? మా తాత చిన్నప్పుడు కొండ పేలి, ఆ ఏటి వానలకి బూడిదా ఇసకా వాగులెమ్మట దిగి సముద్రంలో పడిందట. ఒడ్డు పెరిగిందని చెప్పేవాడు. ఎక్కడిదాకా పెరిగిందో చెప్పలేదు. నేనడగలేదు." ముసలాయన గుంటలోకి చూసి, బయట పాకకేసి చూసి, చింతచెట్టుకేసి చూసి, మొట్టమొదటిసారి వెటకారం మర్చిపోయాడు. "అయితే నేను పడవ కట్టిన సముద్రం కూడా అసలుది కాదన్నమాట."

తాలిబ్ బండి తీసుకుపోయి విబిసోనోని వెనకాల కూర్చోబెట్టుకొచ్చాడు. కుర్రాడు ఫొటోలు తీశాడు, టేపు పట్టాడు, గుంటలోకి దిగి ప్యాంటు పాడుచేసుకున్నాడు. పైకొచ్చి పుస్తకం తెరిచాడు.

"ఇక్కడే సముద్రం ఉందంటే, దీనికి సముద్రం వైపు కోట ఉండటానికి వీల్లేదు. ఎవడూ గోడ నీళ్ళలో కట్టడు," అన్నాడు మెల్లగా. "పాకలో లేదు. మీ ఇంట్లోనూ లేదు. గీత చెల్లదు. అంతవరకు నేను రాయగలను."

తలుపు దగ్గర నిలబడ్డ జుబేదా గోడకి ఆనుకుంది. "రాయి నాయనా," అంది. "ఇప్పుడే రాయి. నా ముందర."

రాశాడు. కొట్టివేసిన అంకె పక్కన తాలిబ్ చేత సంతకం పెట్టించాడు. ఈసారి సంతకం గుండ్రంగా రాలేదు. చేతికి బురద.

"అయితే గోడ ఎక్కడున్నట్టు?" కలం ఎత్తి అడిగాడు విబిసోనో. "ఈ గుంజ దగ్గర్నించి నూట ఇరవై అంగలంటే శ్మశానం దాటి, బడి దాటి... ఒకసారి కొలిచి చూపిస్తారా? సాక్షి గడి ఖాళీగా పెట్టకూడదు."

తాలిబ్ లేచాడు. కాలు ముందుకి వెయ్యబోయాడు. ఈ గుంజకి ముందు ఇంకో గుంజ ఉందేమో. తాత అన్నప్పుడు ఆయన కళ్ళముందు ఏ అల ఉందో. తాతకి చెప్పినవాడు ఎక్కడ నిలబడ్డాడో. లెక్క సరిగ్గానే వచ్చింది. ఒక్క అంగ కూడా పోకుండా ఇన్ని తరాలు మోసుకొచ్చారు, మొదలెక్కడో తప్ప.

"నేను కొలవను బాబూ," అన్నాడు.

"పోనీ సుమారుగా చెప్పండి."

"నాకు తెలీదు. అది రాసుకో. తాలిబ్‌కి తెలీదు అని రాసుకో."

విబిసోనో అది రాయలేదు. గడి ఖాళీగానే వదిలి పుస్తకం మూశాడు. తాలిబ్ కుర్రాణ్ణి దింపి వచ్చేసరికి మూడు దాటింది. పాకలో పొగ లేచింది. జుబేదా కొబ్బరిపీచుతో ఎర్రగీత తోమి తోమి విసిగిపోయి, దానిమీద చాప పరిచి, అచ్చులు నిప్పుల్లో పెట్టేసింది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటుందో పొమ్మంటుందో తెలియలేదు.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం? కాళ్ళు కడుక్కుని వచ్చి ఏడు," అంది. వేడి రొట్టె విరిచి ఆకులో పెట్టింది. ఆకు చేతికిస్తూ అంది, "బంగారంలాంటి గచ్చు పగలగొట్టుకున్నావు కదరా. మీ ఆవిడ ఉంటే నిన్ను ఆ గుంటలోనే పూడ్చేది."

"నువ్వే కదా నమ్మలేదు."

"ఇప్పుడు మాత్రం నమ్మానని ఎవరన్నారు? ఏడో తొమ్మిదో చెప్పలేనోణ్ణి ఏం నమ్ముతాం?" అని ఇంకో రొట్టె పెట్టింది. "గుంట ఎప్పుడు పూడుస్తావు?"

"రేపు."

ఇంటికి వచ్చి చూస్తే గుంటలో నీళ్ళూరాయి. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పగా ఉన్నాయి. పొద్దున్న తడి ఇసుకే ఉన్నచోట ఇప్పుడు మోకాలి లోతు ఉన్నాయి. బయట సముద్రం పోటు ఇంకా ఎక్కుతూనే ఉంది. వెనకగదిలోని మంచం ముందుగదిలోకి లాగుదామని ఒక కోడు పట్టుకుని, ఆ నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో తెలియక, ఎత్తిన మంచం ఎత్తినట్టే పట్టుకు నిలబడ్డాడు.